గేమ్ మధ్యలో పీసీ రీస్టార్ట్ అవుతోందా? కొత్త కార్డు కొనేముందు ఈ వారం ఇవి చూడు

తమ్ముడూ, చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని ముందు నువ్వు రాసింది క్లుప్తంగా చెప్తాను. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నావు. రైజెన్ 5 5600, 16 జీబీ ర్యామ్, నాలుగు నెలల కింద ఎస్‌పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, పాత 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు పంచే పెట్టె), 600 వీఏ యూపీఎస్. పెద్ద గేమ్ ఏది పెట్టినా అరగంటకో గంటకో స్క్రీన్ నల్లబడుతోంది. కొన్నిసార్లు "డివైస్ హంగ్" అని మెసేజ్ వచ్చి గేమ్ ఒక్కటే మూసుకుపోతోంది, కొన్నిసార్లు పీసీ మొత్తం రీస్టార్ట్ అయిపోతోంది. డ్రైవర్ ఐదుసార్లు మార్చావు, విండోస్ రెండుసార్లు కొత్తగా వేశావు. షాపతను కార్డు పోయింది, ఇంకోటి తీసుకో అన్నాడు. ఇప్పుడు అప్పు చేసైనా కొనాలా అని అడుగుతున్నావు.

ఇంకా కొనకు. కార్డు పోయి ఉండొచ్చు, కాదనను. కానీ నువ్వు చివర్లో ఊరికే అన్నట్టు రాసిన ఒక వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది: "ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు ఆడినా ఏం కాలేదు, రాత్రి తొమ్మిది దాటాకే ఇలా అవుతోంది." కార్డు వేడెక్కి పడిపోతుంటే మధ్యాహ్నమే ముందు పడిపోవాలి. డ్రైవర్ తప్పయితే దానికి పగలూ రాత్రీ తేడా లేదు. రాత్రి తొమ్మిదికి నీ పీజీలో ఏం మారుతుందో ఆలోచించు. అందరూ ఆఫీసుల నుంచి వచ్చేస్తారు. నాలుగు అంతస్తుల్లో గీజర్లు, ఇండక్షన్ స్టవ్‌లు, ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి నడుస్తాయి. లైన్‌లో వోల్టేజి పడిపోతుంది.

కాబట్టి నీ రెండు రకాల క్రాష్‌లను ముందు విడదీసి చూద్దాం, ఎందుకంటే అవి ఒకటి కాదు.

గేమ్ ఒక్కటే మూసుకుపోవడం వెనక జరిగేది ఇది. విండోస్ విస్టా నుంచీ టీడీఆర్ అని ఒక కాపలా ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చిన పని రెండు సెకన్లపాటు కదలకపోతే కార్డు ఇరుక్కుపోయిందని విండోస్ అనుకుని, డ్రైవర్‌నీ కార్డునీ రీసెట్ చేస్తుంది. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి డెస్క్‌టాప్ తిరిగొస్తుంది. గేమ్ అప్పటిదాకా పట్టుకుని ఉన్న డివైస్ ఇక లేదు కాబట్టి "డివైస్ హంగ్" అనో "డివైస్ రిమూవ్డ్" అనో చెప్పి అది మూసుకుపోతుంది. నిమిషంలో ఐదుసార్లు దాటి ఇలా జరిగితేనో, రీసెట్ కూడా కుదరకపోతేనో బ్లూ స్క్రీన్ వస్తుంది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ మెసేజ్ కార్డు సమయానికి జవాబు ఇవ్వలేదని మాత్రమే చెబుతుంది. ఎందుకు ఇవ్వలేదో దానికి తెలియదు. కరెంటు చాలక కావచ్చు, ర్యామ్‌లో తప్పు డేటా వచ్చి కావచ్చు, వేడి కావచ్చు, డ్రైవర్ కావచ్చు, నిజంగానే చిప్ చెడి కావచ్చు.

పీసీ మొత్తం రీస్టార్ట్ అవడం వేరే సంగతి. అది బ్లూ స్క్రీన్ వచ్చి అయిందా, ప్లగ్ పీకేసినట్టు అయిందా అన్నది ముందు తేలాలి. విండోస్‌లో "ఆటోమేటిక్‌గా రీస్టార్ట్" అనే సెట్టింగ్ మామూలుగా ఆన్‌లో ఉంటుంది, అందుకే బ్లూ స్క్రీన్ వచ్చినా మన కంటికి ఆనకపోవచ్చు. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరువు. క్రాష్ అయిన సమయం దగ్గర కెర్నల్-పవర్ పేరుతో 41 నంబరు ఈవెంట్ ఉంటుంది. చాలామంది అది చూసి అక్కడే ఆగిపోతారు. 41 అంటే "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచాను" అని మాత్రమే. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళ్లి బగ్‌చెక్‌కోడ్ అన్న వరుస చూడు. అక్కడ 0 ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదు, కరెంటు తెగినట్టు ఆగిపోయిందని అర్థం. 278 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ కోలుకోలేక వచ్చిన బ్లూ స్క్రీన్. 292 ఉంటే హార్డ్‌వేర్ లోపాన్ని ప్రాసెసరే పట్టుకుని చెప్పింది. గేమ్ ఒక్కటే పోయిన రోజుల్లో అయితే డిస్‌ప్లే పేరుతో 4101 ఉంటుంది, ఎన్విడియా డ్రైవర్ ఆగి మళ్లీ కోలుకుందని.

నీకు 0 కనిపిస్తుందని నా అంచనా. ఆ అంచనా ఎందుకంటే నువ్వు పెట్టిన ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో. పెద్ద అక్షరాల్లో 550 వాట్లని ఉంది. కానీ కార్డూ ప్రాసెసరూ తినేది 12 వోల్టుల లైన్ నుంచి. ఆ గడిలో 32 ఆంపియర్లని ఉంది. పన్నెండును ముప్పై రెండుతో గుణిస్తే 384 వాట్లు. నీకు నిజంగా అందుబాటులో ఉన్నది అంతే. 3070 రేటింగే 220 వాట్లు, 5600 ప్రాసెసర్ గరిష్ఠంగా 76, బోర్డూ ఫ్యాన్లూ ఎస్‌ఎస్‌డీ కలిపి ఒక 50 వేసుకో. 346. కాగితం మీద సరిపోయింది. కానీ ఈ తరం కార్డులు కొన్ని మిల్లీసెకన్లపాటు తమ రేటింగ్‌కి చాలా పైకి ఎగబాకుతాయి. సగటు చూపించే సాఫ్ట్‌వేర్‌లో అది కనపడదు, ఎస్‌ఎంపీఎస్‌కు మాత్రం తగులుతుంది. 3070కి ఎన్విడియానే 650 వాట్లు సూచించింది. అదే లేబుల్ మీద ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులని ఉంది చూశావా? మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచీ తీసుకుంటాయి. నీ గదిలో రాత్రి 190కి పడితే ఇది తన పరిధి కిందికి పోయినట్టే.

రెండో ఫొటోలో ఇంకొకటి ఉంది. కార్డుకు రెండు సాకెట్లున్నాయి, రెండింటికీ వచ్చేది ఒకే తీగ, దాని చివర రెండు తలలు. ఒక్కో 8 పిన్ సాకెట్‌కు లెక్క 150 వాట్లు, మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది 75. ఒకే తీగ మీద అంతా లాగితే వోల్టేజి దారిలోనే పడిపోతుంది.

దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మూడేళ్ల కింద బీటీఎంలో ఉండే మా చిన్నమ్మ కొడుకుది అచ్చం ఇదే కథ. అతను కార్డు మార్చేశాడు, మొదటి జీతాల్లో దాచుకున్న డబ్బంతా పెట్టి. వారంలో మళ్లీ అదే నల్ల స్క్రీన్. నేను వెళ్లి క్యాబినెట్ పక్క పలక తీసి, కార్డు వైపు కాకుండా ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్ పీకి చూశాను. తెల్లటి ప్లాస్టిక్‌లో ఒక పిన్ చుట్టూ టీ మరక లాగా గోధుమ రంగు. వాసన కూడా ఉంది, స్విచ్‌బోర్డు కాలినప్పటి వాసన. బీరువా మీద ఎస్‌ఎంపీఎస్ అట్టపెట్టె అలాగే ఉంది, అందులో రెండో కేబుల్ కవరు కూడా విప్పలేదు. ఆ కాలిన సాకెట్‌ను ఇక నమ్మలేం కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మార్చి, రెండు వేరు వేరు కేబుళ్లు పెట్టాం. అతని పాత కార్డు కూడా తిరిగి పెట్టి చూశాను. రెండు వారాలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ డబ్బు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్నేహితుడి దగ్గర వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఉంది కదా అని తెచ్చి నీదానికి గుచ్చకు. కార్డు వైపు చివర అన్నిటికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు చివర మాత్రం కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. సరిగ్గా దూరినా పిన్‌ల వరస వేరైతే బోర్డూ కార్డూ క్షణంలో పోతాయి. తేవాలంటే ఎస్‌ఎంపీఎస్‌నే మొత్తంగా దాని కేబుళ్లతో తెచ్చి పెట్టి చూడు.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పరీక్షలు. ఒకసారికి ఒక్కటే మార్చు, ప్రతిదానికీ కనీసం రెండు రాత్రులు ఇవ్వు, ఫోన్‌లో రాసుకో. నువ్వు డ్రైవర్, విండోస్, గేమ్ సెట్టింగులు అన్నీ ఒకేరోజు మార్చావు, అందుకే ఏది పనిచేసిందో ఏది చేయలేదో నీకే తెలియడం లేదు.

మొదటిది యూపీఎస్ పక్కన పెట్టడం. 600 వీఏ అంటే దాదాపు 360 వాట్లు. ఎస్‌ఎంపీఎస్‌లో పోయే నష్టంతో కలిపి నీ పీసీ గోడ నుంచి 400 దాకా లాగుతుంది, మానిటర్ అదనం. వోల్టేజి పడినప్పుడు యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది, మారగానే ఓవర్‌లోడ్ అయి వదిలేస్తుంది. పీసీని నేరుగా గోడ సాకెట్‌కు పెట్టు, ఇండక్షన్ స్టవ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు కాదు. పీజీ వాళ్ల ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే వెనక స్విచ్ ఏ మోడ్‌లో ఉందో ఓనర్‌ని అడుగు. యూపీఎస్ మోడ్‌లో మారడానికి పది మిల్లీసెకన్లు అటూ ఇటూ పడితే, మామూలు మోడ్‌లో అంతకు చాలా ఎక్కువ పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా కరెంటు లేకుండా నిలబడేది 16, 17 మిల్లీసెకన్లే.

ఆ సాకెట్ దగ్గరే ఎర్త్ కూడా చూడు. క్యాబినెట్ వెనక స్క్రూ మీద చెయ్యి పెడితే జుమ్మంటుందా? టెస్టర్ ముట్టిస్తే వెలుగుతుందా? అయితే ఎర్త్ లేదు. అది క్రాష్‌లకు కారణమైనా కాకపోయినా ప్రాణానికి సంబంధించినది, ఓనర్ చేత ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు.

రెండోది పవర్ తగ్గించి ఆడటం. కార్డు పవర్, వేగం మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించు, 220 కాస్తా 154 అవుతుంది. గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌ను (సెకనుకు గీసే ఫ్రేముల సంఖ్యను) 60కి కట్టెయ్యి. మెనూ స్క్రీన్లలో కూడా ఆ కట్టు ఉండాలి, ఎందుకంటే కట్టు లేకపోతే ఖాళీ మెనూలోనే కార్డు వందల ఫ్రేములు గీస్తూ పూర్తి కరెంటు లాగుతుంది. ఇలా పెట్టాక రాత్రిపూట కూడా క్రాష్ ఆగిపోతే గేమ్‌నీ విండోస్‌నీ వదిలెయ్యొచ్చు. మిగిలేది కరెంటు, వేడి, లేదా ఫ్యాక్టరీలోనే కొంచెం ఎక్కువ స్పీడు పెట్టి పంపిన కార్డు. చివరిదైతే పవర్ లిమిట్ మళ్లీ 100కి తెచ్చి, కోర్ క్లాక్ ఒక్కటే 100 మెగాహెర్ట్జ్ తగ్గించి చూస్తే తేలిపోతుంది.

ఈ పరీక్షలన్నిటిలో వెనక సెన్సర్ల రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి, లాగింగ్ ఆన్ చేసి. ఫైల్‌లో చివరి వరుస అంటే పీసీ పడిపోయే ముందరి క్షణం. అందులో మూడు అంకెలు చూడు. కార్డు 8 పిన్ ఇన్‌పుట్ వోల్టేజి 12 దగ్గర ఉండాలి, 11.4 కిందికి పోతే నియమం దాటినట్టు. జీపీయూ టెంపరేచర్. హాట్‌స్పాట్ టెంపరేచర్, అంటే చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటిది. ఈ రెండింటి మధ్య పదీ పదిహేను డిగ్రీల తేడా మామూలే. పాతిక, ముప్పై ఉంటే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయిందనో హీట్‌సింక్ సరిగ్గా ఆనడం లేదనో అర్థం.

సెకండ్ హ్యాండ్ కార్డు కాబట్టి ఆ మాట కూడా. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక అప్పటిదాకా రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా మార్కెట్‌కొచ్చాయి. నీది వాటిలో ఒకటి కావచ్చు. మైనింగ్ కార్డంటేనే పనికిరానిదని కొందరంటారు, నేను ఒప్పుకోను. చిప్ బాగానే ఉండి ఫ్యాన్లూ పేస్టూ థర్మల్ ప్యాడ్లూ అరిగిపోయినవే నేను ఎక్కువ చూశాను. పైగా మీ వైపు ఏ వీధిలో చూసినా ఏదో ఒక భవనం కడుతూనే ఉంటారు, ఆ సిమెంటు దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టకడుతుంది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకో. కార్డు బయటికి తీసినప్పుడే దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది తుడిచి, క్లిక్ మనేదాకా గుచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా "డివైస్ హంగ్" వస్తుంటే అప్పుడు ర్యామ్. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే పీసీ సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆపేసి రెండు రాత్రులు ఆడు. ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ను దాని మామూలు వేగం కంటే పైకి నడపడమే, ప్రతి బోర్డూ ప్రతి స్టిక్కూ దానికి ఒప్పుకోవు. టెక్స్చర్లు ర్యామ్ మీదుగానే కార్డుకు చేరతాయి, దారిలో ఒక్క బిట్ తప్పినా చివరికి గ్రాఫిక్స్ ఎర్రర్ లాగానే పైకి తేలుతుంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా వదిలెయ్యి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే, "ఒక్కటే కదా" అనడానికి లేదు. ప్రాసెసర్‌కు వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ లాంటిది ఏమైనా పెట్టి ఉంటే అది కూడా తీసెయ్యి.

ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని వీడియో చూసి పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) ఆపేశానన్నావు. దయచేసి మళ్లీ ఆన్ చెయ్యి, "సిస్టమ్ మేనేజ్డ్" అని వదిలెయ్యి. డైరెక్ట్‌ఎక్స్ 12 గేమ్‌లు నిజంగా వాడేదానికంటే ఎక్కువ మెమరీని ముందే కేటాయించుకుంటాయి. 16 జీబీ ర్యామ్‌తో, పేజ్ ఫైల్ లేకుండా, పక్కన బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లతో ఆ కేటాయింపు విఫలమైతే గేమ్ మాట లేకుండా మూసుకుపోతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి నువ్వు చాలావరకు చేసేశావు, త్వరగా చెప్పేస్తాను. డ్రైవర్‌ను డీడీయూ అనే తుడిచే ప్రోగ్రామ్‌తో సేఫ్ మోడ్‌లో, వైఫై ఆపి తీసెయ్యి, లేకపోతే నువ్వు వేసేలోపే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన వెర్షన్ వేసేస్తుంది. ఇది ఒక్కసారి చాలు, ప్రతి క్రాష్‌కూ చేసే పని కాదు. షేడర్ కాష్ (కార్డు కోసం ముందే తయారుచేసి దాచుకున్న గ్రాఫిక్స్ కోడ్) తుడిచెయ్యి, స్టీమ్‌లో గేమ్ ఫైళ్లు వెరిఫై చెయ్యి, డిస్కార్డ్ ఓవర్‌లేతో పాటు గేమ్ మీద తేలే అన్ని ఓవర్‌లేలూ ఆపు. గేమ్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఎంపిక ఉంటే అది పెట్టి చూడు. 11లో బాగుండి 12లో మాత్రమే పడిపోతుంటే గేమ్ మీదా డ్రైవర్ మీదా అనుమానం పెరుగుతుంది. స్క్రీన్ గడ్డకట్టినప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కు, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. బీప్ వచ్చి డెస్క్‌టాప్ కనిపిస్తే పీసీ బతికే ఉందని తెలుస్తుంది.

రిజిస్ట్రీలో టీడీఆర్ డిలేను 60 సెకన్లకు పెంచమని ఎవరో నీకు చెప్పారు. చెయ్యొద్దు. రెండరింగ్ లాంటి పెద్ద పనులు చేసేవాళ్లకు, కార్డు నిజంగానే పనిలో ఉండి ఆలస్యమయ్యేవాళ్లకు అది ఉపయోగం. నీ కార్డు ఇరుక్కుపోతోంది. రెండు సెకన్ల బదులు నిమిషంపాటు గడ్డకట్టిన స్క్రీన్ చూస్తావు, అంతకు మించి ఏమీ మారదు.

నీకు సంబంధం లేకపోయినా ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం ఒక మాట. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ7, ఐ9 ఉండి, అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లు షేడర్లు కంపైల్ చేసేటప్పుడు "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అని పడిపోతుంటే, కార్డులో మెమరీ బోలెడు ఖాళీ ఉన్నా అదే వస్తుంటే, గ్రాఫిక్స్ కార్డును వదిలి ప్రాసెసర్‌ను చూడండి. వాటిలో వోల్టేజి వల్ల వచ్చే అస్థిరతను ఇంటెలే 2024లో ఒప్పుకుంది, ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. బోర్డు కంపెనీ సైట్ నుంచి తాజా బయోస్ వేసుకోండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బయోస్ బాగుచేయదు, వారంటీకే వెళ్లాలి.

మరి కార్డే పోయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి? నా కొలమానం ఇది. గేమ్ లేకుండానే, బయోస్ స్క్రీన్ మీదో విండోస్ లోగో మీదో రంగు చుక్కలు, గళ్ల గళ్లగా చతురస్రాలు కనిపిస్తే వీడియో మెమరీయో చిప్పో చెడినట్టే. ఓసీసీటీ అనే పరీక్ష ప్రోగ్రామ్‌లో వీ-ర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్ ఎర్రర్లు చూపిస్తే అలాగే. లేదా నీ కార్డును స్నేహితుడి పీసీలో, మంచి ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టినా అదే గేమ్‌లో అదే క్రాష్ వస్తే. ఈ మూడింటిలో ఒక్కటీ లేకుండా కార్డు పోయిందని ఎవరు చెప్పినా నమ్మకు. ఒకవేళ పోయిందనే తేలితే, హీట్ గన్ పెట్టి వేడి చేసి బాగుచేస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లకు. కొన్ని వారాలు నడిచి మళ్లీ పోతుంది, ఆ తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సి వస్తే 650 వాట్లది, 12 వోల్టుల గడిలో 50 ఆంపియర్లకు తగ్గకుండా, కార్డుకు రెండు వేరు వేరు కేబుళ్లు ఉన్నది తీసుకో. 80 ప్లస్ బ్యాడ్జి ఎంత కరెంటు వృథా కాకుండా వాడుకుంటుందో చెప్పేది, ఎంత గట్టిదో చెప్పేది కాదు. అందుకే బ్యాడ్జి రంగు కంటే వారంటీ ఎన్నేళ్లో చూడు. కొత్త కార్డు ధరతో పోలిస్తే అది చిన్న మొత్తమే.

ఈ రాత్రికి రెండు పనులు చెయ్యి: 41 ఈవెంట్‌లో బగ్‌చెక్‌కోడ్ ఎంతుందో చూడు, యూపీఎస్ తీసి నేరుగా గోడ సాకెట్ మీద ఆడు. ఆ అంకె, హెచ్‌డబ్ల్యూఇన్ఫో చివరి వరుస ఇక్కడ పెడితే ఆ తర్వాత ఏం చేయాలో చెప్తాను.